గోడకున్న ఎర్ర సిలిండర్, ఆయన దాచుకున్న నొప్పి

పనిచోటు భద్రత, ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం మంటలు, పొగ, సంపుల గురించి. మిగతా సగం మగవాళ్ల ఒంటి గురించి. ఆ రెండో సగం ఎక్కువగా రాసింది వాళ్ల ఇంటి ఆడవాళ్లే. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి అందరివీ తీసేశాం.

మా ఆఫీసు అమీర్‌పేటలో నాలుగో అంతస్తు. 60 మందిమి. గోడలకు ఆరు ఎర్ర సిలిండర్లున్నాయి. ఏడాదికోసారి ఎవరో వచ్చి స్టిక్కర్ మార్చి వెళ్తారు. అవి పనిచేస్తాయో లేదో మాకెలా తెలుస్తుంది?
*(అడ్మిన్ ఉద్యోగి)*

స్టిక్కర్ మీద తేదీ మారిందంటే ఎవరో వచ్చి వెళ్లారని మాత్రమే తెలుస్తుంది. సిలిండర్‌ని మీరే చూసుకోవాలి. నెలకోసారి, ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు.

మీ దగ్గరున్నవి చాలావరకు 6 కిలోల ఏబీసీ పౌడర్‌వి (కాగితం, నూనె, గ్యాస్ మంటలన్నిటికీ పనికొచ్చే పొడి) అయ్యుంటాయి. మెడ దగ్గర గుండ్రటి మీటరుంటుంది, ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. ఎర్రలోకి జారితే ఒత్తిడి పోయినట్టే, లోపల పౌడర్ నిండుగా ఉన్నా బయటికి రాదు. తర్వాత పిన్ను, దాని సీలు చూడండి. సీలు తెగిపోతే కొన్నిచోట్ల పిన్నుని ప్లాస్టిక్ తాడుతో గట్టిగా ముడేసి పెడతారు. కంగారులో ఆ ముడి ఊడదు. గొట్టం మూతిలో సాలెగూడో, కందిరీగ మట్టిగూడో ఉందేమో చూడండి. చివరగా సిలిండర్‌ని దించి తలకిందులు చేసి కుదపండి. ఏళ్ల తరబడి కదలకుండా వేలాడితే పౌడర్ అడుక్కి దిగి గడ్డకడుతుంది. తిప్పినప్పుడు లోపల ఇసుక జారినట్టు తెలియాలి. ముద్దలా దబ్బుమంటే రీఫిల్‌కి పంపండి.

సర్వర్ గది, యూపీఎస్ గది, కరెంటు ప్యానెల్ దగ్గర ఉండాల్సింది కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. చివర నల్లటి కొమ్ములా ఉంటుంది చూడండి, అది. ఏబీసీ పౌడర్ కూడా కరెంటు మంటను ఆర్పుతుంది గానీ, ఆ పొడి యంత్రాల్లోకి దూరి మంట మిగిల్చినవాటిని పాడుచేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి మీటరుండదు. నిండుగా ఉందా ఖాళీనా అన్నది తూకం వేస్తేనే తెలుస్తుంది. లోపలి గ్యాస్ బరువు పదో వంతు తగ్గినా రీఫిల్ చేయించాలి, అంటే 4.5 కిలోల దాంట్లో 450 గ్రాములు. మీ ఏజెన్సీ మనిషి వచ్చినప్పుడు చేతిలో తూకం ఉందా అని చూడండి. లేకుండానే స్టిక్కర్ మార్చాడంటే ఆయన చేసింది స్టిక్కర్ పనే. వాడేటప్పుడు ఆ కొమ్ముని చేత్తో పట్టుకోవద్దు, గ్యాస్ చల్లదనానికి చర్మం దెబ్బతింటుంది. చిన్న గదిలో కొడితే మీకూ ఊపిరాడదు. కొట్టి, బయటికొచ్చి, తలుపు మూసేయాలి.

ఇక 6 కిలోల పౌడర్ సిలిండర్ ఎంతసేపు కొడుతుందో తెలుసా? పదిహేను, ఇరవై సెకన్లు. రెండు మూడు మీటర్ల దూరంలో, బయటికెళ్లే దారి మీ వీపు వెనక ఉండేలా నిలబడి, మంట మొదట్లో గురిపెట్టి, చీపురుతో ఊడ్చినట్టు అటూ ఇటూ కొట్టాలి. పైకి లేచే నాలుకల మీద కొడితే ఆ ఇరవై సెకన్లూ వృథా. చెత్తబుట్టంత మంటకు ఇది సరిపోతుంది. నడుమెత్తు దాటిందా, పొగ తలల మీదికి దిగిందా, సిలిండర్ అక్కడే పడేసి మెట్లు దిగండి, 101కి ఫోన్ చేయండి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువ ఉద్యోగుల ప్రాణాలు తీసింది పొగే. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుంటే మసి ఆగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఆగదు. దిగడానికి దారి లేకపోతే కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి, తలుపు మూసి, దాని కింది సందులో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గర కనిపించేలా నిలబడండి.

మాదాపూర్‌లో మా కంపెనీ ఏడాదికి రెండుసార్లు మాక్ డ్రిల్ పెడుతుంది. ముందురోజే మెయిల్ వస్తుంది. అందరూ లిఫ్టులో దిగి టీ తాగి వస్తారు. దీన్ని దారిలో పెట్టడం ఎలా?
*(ఫ్లోర్ వార్డెన్)*

ముందు ఆ మెయిల్ ఆపించండి. యాజమాన్యానికి, సెక్యూరిటీకి, పక్క కంపెనీకి చెబితే చాలు.

తర్వాత ఒక మెట్లదారిని మూసేయండి. మూడో అంతస్తు మలుపులో మనిషిని నిలబెట్టి చేతిలో ‘ఇక్కడ పొగ’ అని అట్ట ఇవ్వండి. జనం ఏం చేస్తారో చూడండి. రెండో మెట్లదారి ఎక్కడుందో ఎంతమందికి తెలియదో అప్పుడు తేలుతుంది. ఆ దారిలో పాత కుర్చీలు, మానిటర్ అట్టపెట్టెలు ఉన్నాయో లేదో కూడా అప్పుడే తేలుతుంది. కార్డు గీస్తే తెరుచుకునే తలుపులు ఫైర్ అలారం మోగగానే వాటంతటవే వదిలేయాలి. మీ బిల్డింగులో వదులుతాయా? అలారం మోగించి, చేత్తో తోసి చూస్తేనే తెలుస్తుంది, కాగితం మీద అన్నీ వదులుతాయి.

ఇంకో చోటు ఫైర్ ప్యానెల్. గ్రౌండ్ ఫ్లోర్లో సెక్యూరిటీ టేబుల్ వెనక ఉంటుంది. బాత్‌రూమ్‌లో ఎవరో సిగరెట్ కాల్చినప్పుడల్లా అది కూస్తుంది, గార్డు అలవాటుగా సైలెన్స్ బటన్ నొక్కేస్తాడు. కొన్ని చోట్ల ఆ బటన్ మీద అక్షరాలు కూడా అరిగిపోయి ఉంటాయి. ఆయన్ని తిట్టి లాభం లేదు. ‘ముందు ప్యానెల్లో జోన్ చదువు, ఆ చోటికి మనిషిని పంపి చూసి రమ్మను, ఆ తర్వాతే నొక్కు’ అని రాసి పక్కన అతికించండి. ప్రతి షిఫ్టులోనూ జోన్ నంబరుకి ఏ అంతస్తో తెలిసినవాడు ఒకడుండాలి.

కింద లెక్క తీసేటప్పుడు కంప్యూటర్ హాజరు నమ్ముకోకండి, కరెంటు పోతే అది పైనే ఉండిపోతుంది. చేతిలో కాగితం ఉండాలి. అందులో హౌస్‌కీపింగ్, క్యాంటీన్, ఆరోజు వచ్చిన విజిటర్లు ఉండాలి. లెక్కలో ఎప్పుడూ తప్పిపోయేది వీళ్లే. నిలబడే చోటు గేటు ముందు మాత్రం పెట్టొద్దు, ఫైరింజన్ వచ్చేది అటునుంచే. 24 మీటర్లు దాటిన భవనాల్లో రెఫ్యూజ్ ఏరియా (మంటలప్పుడు జనం తలదాచుకునే చోటు) ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మీ దాంట్లో ఆ చోటుని స్టోర్‌రూమ్ చేశారేమో వెళ్లి చూడండి. ఒక డ్రిల్ రాత్రి షిఫ్టులో పెట్టండి. వార్డెన్లంతా పగటి షిఫ్టువాళ్లే అని అప్పుడు బయటపడుతుంది.

మా బిల్డింగ్ లాబీలో ఏఈడీ (ఆగిన గుండెకి కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) పెట్టెను పెట్టారు. డాక్టర్లే వాడాలా? అలాగే వాట్సాప్‌లో చూసి మా ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఆస్పిరిన్, సార్బిట్రేట్ (ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) పెట్టాం. మంచిదేనా?
*(ఫెసిలిటీ ఉద్యోగి, గచ్చిబౌలి)*

ఏఈడీని ఎవరైనా వాడొచ్చు, అది తయారైందే అందుకు. మూత తీస్తే అదే మాట్లాడుతుంది. షాక్ అవసరం లేని గుండెకి అది షాక్ ఇవ్వదు, కాబట్టి ‘ఏమన్నా అవుతుందేమో’ అని వెనక్కి తగ్గక్కర్లేదు.

మనిషి కుప్పకూలితే భుజాలు తట్టి పిలవండి. పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే లెక్క. చాలామంది ఇక్కడే పొరపడతారు: ఎగశ్వాసలా, గురకలా అప్పుడప్పుడు నోరు తెరిచి గాలి పీలుస్తుంటే ‘ఊపిరి ఉంది’ అనుకుంటారు. అది ఊపిరి కింద లెక్క కాదు. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాలి. ఒకరు ఏఈడీకి పరుగెత్తాలి. ఇంకొకరు గేటు దగ్గరికెళ్లి అంబులెన్సు వాళ్లని తీసుకురావాలి, లిఫ్టుని కింద ఆపి ఉంచాలి. పెద్ద ఐటీ పార్కుల్లో అంబులెన్సు గేటుకొచ్చాక టవరేదో, లిఫ్టేదో తెలియక పోయే నిమిషాలు తక్కువేం కాదు.

మీరు మాత్రం ఛాతీ మీంచి చేతులు తీయొద్దు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దానిమీద వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్లు లోపలికి నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కుకీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకు ఇంకొకరు అందుకోవాలి. అలసిన చేతులు లోతు తగ్గిస్తాయి, నొక్కేవాడికి ఆ సంగతి తెలియదు. ఏఈడీ వచ్చాక చొక్కా తీసి, చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద అంటించాలి. చెమట తుడవకపోతే ప్యాడ్ జారిపోతుంది. షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు, అయిన వెంటనే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాలి. నొక్కేవాళ్లు లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది. పెట్టెలో ప్యాడ్లకీ బ్యాటరీకీ గడువు తేదీలుంటాయి. పచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసే పని ఒక మనిషికి అప్పజెప్పండి.

ఇక మాత్రల సంగతి. గుండె ఆగడం వేరు, గుండెపోటు వేరు. గుండెపోటులో మనిషి మాట్లాడుతూనే ఉంటాడు: ఛాతీ బిగదీత, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చల్లటి చెమటలు, ఒక్కోసారి ఒట్టి ఆయాసం. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి అసలే తెలియకపోవచ్చు. ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని జీలకర్ర సోడా తాగి కూర్చోవడం మన ఆఫీసుల్లో మామూలైపోయింది. అలాంటప్పుడు కూర్చోబెట్టాలి, నడిపించొద్దు, తన బండి తాను నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్లనివ్వొద్దు. 108కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు, ఆస్పిరిన్ పడనివాళ్లు, అల్సర్, రక్తస్రావం ఉన్నవాళ్లు కాకపోతే 300 నుంచి 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించొచ్చు. సార్బిట్రేట్ మాత్రం డబ్బాలోంచి తీసేయండి. అది బీపీని ఒక్కసారిగా పడగొడుతుంది. అంగస్తంభన కోసం వాడే మాత్రలుంటాయి కదా, వాటిలో సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకున్న 24 గంటల్లో, టాడాలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో ఇస్తే ప్రాణమే పోవచ్చు. ఆ మాత్ర వేసుకున్నానని నలుగురు సహోద్యోగుల మధ్య ఏ మగాడూ చెప్పడు. డాక్టరు అడిగితే మాత్రం దాచొద్దు.

మా ఆయనకి 44. ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ 150/96 వచ్చింది. ‘సూది చూసి టెన్షన్ పడ్డాను, అంతే’ అంటారు. నిజమేనా?
*(ఒక సోదరి, కూకట్‌పల్లి)*

కావచ్చమ్మా, కాకపోవచ్చు. తేల్చుకోవడం తేలికే, వారం పడుతుంది. చేతి కండకి చుట్టే డిజిటల్ మిషన్ కొనండి, మణికట్టుకి పెట్టేది వద్దు. పట్టీ ఆయన చేతికి సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది.

టీ, సిగరెట్ అయి అరగంట గడవాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి. చొక్కా చెయ్యి మీద పట్టీ చుట్టొద్దు. మాట్లాడొద్దు, మీరూ మాట్లాడించొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున రెండు, రాత్రి రెండు, ఏడు రోజులు రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అది సూది భయం కాదు. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఫైలు కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. ఎప్పుడైనా 180/120 దాటి తలనొప్పి, చూపు మసక, ఛాతీనొప్పి ఉంటే వారం ఆగొద్దు, అప్పుడే ఆస్పత్రికి.

ఆయన నడుము కూడా కొలవండి, బొడ్డు మీదుగా, ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు హద్దు. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, అది కూరలో, పచ్చడిలో, ఆవకాయలో అన్నీ కలిపి. అన్నట్టు, 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు, 40 దాటిన ఉద్యోగులకు యాజమాన్యం ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలని కేంద్రం ప్రకటించింది. వచ్చే ఏడాది ‘నాకు టైమ్ లేదు’ అని ఆయన ఎగ్గొట్టకుండా చూడండి.

మా గేటెడ్ కమ్యూనిటీలో సంపు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి) ట్యాంకు కడిగించాలి. కాంట్రాక్టరు ఇద్దరు కుర్రాళ్లని పంపుతానంటున్నాడు. మేం ఏం చూసుకోవాలి?
*(మేనేజర్, కొండాపూర్)*

రెండూ ఒకటి కావు. ముందు ఎస్టీపీ గురించి: మనిషిని దించకుండా పని జరగాలి. జెట్టింగ్, సక్షన్ యంత్రాలున్న బండిని పిలిపించండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో, మురుగు కాల్వలో దించడం మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. కాంట్రాక్టరు కాగితం మీద ‘బాధ్యత నాది’ అని రాసిచ్చినంత మాత్రాన మీరు తప్పించుకోలేరు.

లోపలుండేది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్ల వాసన. గాల్లో 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) దగ్గర అది ముక్కునే చంపేస్తుంది, వాసన పోతుంది. ‘ఇందాక వాసనొచ్చింది, ఇప్పుడు లేదు, దిగొచ్చు’ అనుకునేది సరిగ్గా అప్పుడే. 1000 పీపీఎం దగ్గర ఒకటి రెండు గాలులకే కూలిపోతారు. గాలికన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుని ఉంటుంది, బురద కదిపితే బుస్సున పైకొస్తుంది. మూత తీసి అరగంట ఆగితే పోతుందన్నది నిజం కాదు. అగ్గిపుల్ల గీసి చూడటం ఇంకా ఘోరం, మీథేన్ ఉంటే ట్యాంకే పేలుతుంది.

మంచినీళ్ల సంపులో మురుగు లేదు కదా అనుకోవద్దు. నెలల తరబడి మూసి ఉంటే ఆక్సిజన్ తగ్గి ఉంటుంది. వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ పూస్తే దాని ఆవిరి నిలిచిపోతుంది. నీళ్లు తోడడానికి పెట్రోల్ పంపుని లోపలికే దించి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దిగాల్సి వస్తే: బ్లోయర్‌తో గాలి కొట్టించాలి, మనిషి లోపలున్నంతసేపూ అది ఆగకూడదు. నాలుగు వాయువుల మీటర్‌ని తాడుకి కట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగొద్దు, మామూలు గాల్లో 20.9 ఉంటుంది. మనిషికి హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు), దానికి తాడు, పైన ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), తాడు పట్టుకుని కదలకుండా నిలబడే మనిషి. గుడ్డ మాస్కులు, కరోనా మాస్కులు వాయువుని ఆపవు.

ఒకడు పడిపోతే రెండోవాడు దూకుతాడు. అన్నో, తమ్ముడో, పక్క ఊరివాడో అయ్యుంటాడు, ఆగలేడు. ఈ ప్రమాదాల్లో రెండో ప్రాణం, మూడో ప్రాణం ఇలాగే పోతాయి. పని మొదలుపెట్టే ముందే ఆ ఇద్దరు కుర్రాళ్లకి ఇది తెలుగులోనో హిందీలోనో వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పించండి: తాడు లాగు, బ్లోయర్ ఆపకు, 101, 108 పిలువు, దిగకు.

మియాపూర్ గోడౌన్‌లో లోడింగ్ పని. వయసు 23. గజ్జలో చిన్న ఉబ్బు ఉంది, బస్తా ఎత్తితే వస్తుంది, పడుకుంటే పోతుంది. ఎవరికీ చెప్పుకోలేకపోతున్నా.
*(ఒక తమ్ముడు)*

మాకు చెప్పావు కదా, సగం పని అయింది. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది హెర్నియా కావచ్చు. పొట్ట గోడలో బలహీనమైన చోటునుంచి పేగు బయటికి తోసుకొస్తుంది. బెల్టు కట్టుకుంటే నయం కాదు, సర్జన్ చూడాలి. ఆపరేషన్ మామూలుదే. చూపించుకునేదాకా బరువులు ఎత్తడం ఆపు. ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు వచ్చాయంటే అదే రోజు, అదే గంటలో ఎమర్జెన్సీకి. పేగుకి రక్తం ఆగిపోతుంది.

ఇంకో రెండు నీ వయసువాళ్లకి తెలియాలి. ఒక వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాపు, వాంతి వస్తే అది మెలి తిరిగి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితే చాలావరకు దక్కుతుంది. ఆ సమయాన్ని పెయిన్‌కిల్లర్ మింగి పడుకుని పోగొట్టుకోవద్దు. రెండోది: నెలకోసారి వేడినీళ్ల స్నానం తర్వాత ఒక్కో వృషణాన్ని బొటనవేలు, రెండు వేళ్ల మధ్య మెల్లగా దొర్లించి చూసుకో. వెనక మెత్తటి తాడులా తగిలేది సహజమే. నొప్పి లేని గట్టి గడ్డ బఠాణీ గింజంత తగిలినా చూపించు. వృషణాల క్యాన్సర్ 15 నుంచి 40 మధ్య వయసులోనే ఎక్కువ, తొందరగా పట్టుకుంటే నయమయ్యేది కూడా. ఒట్టి నీరు చేరితే అది వరిబీజం, మెత్తగా ఉంటుంది. తేడా నువ్వు తేల్చక్కర్లేదు, స్కానింగ్ తేలుస్తుంది.

పొద్దుగాల ఆరింటికి క్యాబ్ తీస్తే రాత్రి పదింటిదాకా. మూత్రం వస్తదని నీళ్లే తాగ. నడుముల నొప్పి లేస్తుంది. ఏం చేయాలె?
*(డ్రైవర్, ఉప్పల్)*

ఆ లెక్క తిప్పేయాలన్నా. నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి రాళ్లు కడతాయి. రాళ్లు రావొద్దంటే రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలని డాక్టర్లంటారు. కొలవక్కర్లేదు, రంగు చూడు: లేత నిమ్మరసం నీళ్లలా ఉంటే సరిపోయింది, ఆవనూనె రంగుకొస్తే తక్కువైంది. నీ రూట్లో పెట్రోల్ బంకులు, మెట్రో స్టేషన్లు నాలుగు గుర్తుపెట్టుకుని రెండు మూడు గంటలకోసారి ఆపు. నడుము పక్కనుంచి గజ్జలోకి పాకే నొప్పి, మూత్రంలో ఎరుపు, చలిజ్వరం, వీటిలో ఏది ఉన్నా స్కానింగ్ చేయించు. జ్వరం తోడైతే రేపు అనొద్దు.

50 దాటిన అన్నలకు ఒక మాట: రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం ప్రొస్టేట్ (మూత్రసంచి కింద ఉండే గ్రంథి) వాపు గుర్తులు. అలాంటివాళ్లు మందుల షాపులో అడిగి జలుబు మాత్ర వేసుకోవద్దు. ముక్కు దిబ్బడ తగ్గించే మందు మూత్రాన్ని పూర్తిగా బిగబట్టేయొచ్చు.

బాలానగర్‌లో ఫౌండ్రీ. మేలో కొత్త కుర్రాళ్లు పడిపోతున్నారు, పాతవాళ్లకి ఏమీ కాదు. ఎందుకు?
*(సూపర్‌వైజర్)*

పాతవాళ్ల ఒళ్లు వేడికి అలవాటుపడింది. కొత్తవాడిని మొదటిరోజు కొలిమి దగ్గర పని సమయంలో ఐదో వంతే ఉంచండి, రోజుకింత పెంచుతూ ఐదోరోజుకి పూర్తి పనికి తీసుకురండి. వారం పది రోజులు సెలవు మీద ఊరెళ్లొచ్చినవాడూ కొత్తవాడి కిందే లెక్క. పదిహేను, ఇరవై నిమిషాలకో గ్లాసు నీళ్లు, దాహం కోసం చూడకుండా. మధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసుకోవడం తప్పు, ఉప్పు ఎక్కువవుతుంది. అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలు ఇన్నాళ్లూ ఓఆర్ఎస్ పేరుతో అమ్మారు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది.

పడిపోయినవాడు తికమకగా మాట్లాడుతున్నా, పలకకపోయినా అది వడదెబ్బే, చెమట పడుతున్నా సరే. నోట్లో నీళ్లు పోయొద్దు. 108 పిలిచి, వచ్చేలోపు బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం.

మా టీమ్‌లో ఒకాయన మాటలు తగ్గించాడు. మొన్న ‘నేను లేకపోతే అందరికీ హాయి’ అన్నాడు. అడిగితే ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమోనని భయం.
*(టీమ్ లీడ్)*

అవదు. విడిగా కూర్చోబెట్టి సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని. అవునంటే ఉపన్యాసం వద్దు, ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ, తెలుగులో కూడా మాట్లాడతారు. మీ పక్కనే కూర్చోబెట్టుకుని మీరే కలిపివ్వండి. ఎలా చేయాలో ఆలోచించి పెట్టుకున్నానంటే నేరుగా ఆస్పత్రికే.

సెల్లార్‌లో ఈ-బైకుల చార్జింగ్ పెడదామంటున్నారు. వానాకాలంలో అదే సెల్లార్ మునుగుతుంది కూడా.
*(అసోసియేషన్ కార్యదర్శి, మలక్‌పేట)*

మునిగే చోట చార్జింగ్ పాయింట్లు వద్దు, మెట్ల కింద అసలే వద్దు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, పొగ మెట్ల మీదుగా పై హోటల్లోకి ఎక్కి ఎనిమిదిమంది చనిపోయారు. లిథియం బ్యాటరీ మంట ఆరినట్టే ఉండి మళ్లీ అంటుకుంటుంది. దాన్ని చల్లార్చాలంటే బోలెడు నీళ్లు కావాలి, మీ గోడ సిలిండర్ చాలదు. ఆరుబయట, షెడ్డు కింద, విడి ఎంసీబీతో (లోపం వస్తే కరెంటుని దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టించండి. నీళ్లొచ్చినప్పుడు సెల్లార్ మెయిన్ ఆపాకే ఎవరైనా దిగాలి. ఆ మెయిన్ సెల్లార్ గోడకే ఉంటే ఈ వేసవిలోనే పైకి మార్పించండి.

కంపెనీకి బండి మీద వెళ్తూ పడి చెయ్యి విరిగింది. జీతం 19,000. ‘బయట పడ్డావు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు.
*(కార్మికుడు, జీడిమెట్ల)*

సంబంధం ఉంది. నెలకి 21,000 లోపు జీతంతో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కడుతున్నవాళ్లకి, ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో దెబ్బగానే చట్టం చూస్తుంది. ప్రయాణానికీ పనికీ సమయం, దారి పొంతన కుదరాలి. మధ్యలో బంధువులింటికి వెళ్తూ పడితే వర్తించదు. పనిలో దెబ్బకి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటిరోజు జరిగినా వస్తుంది. ప్రమాదం రోజు కాక కనీసం మూడు రోజులు పనికి వెళ్లలేకపోతే, కోలుకునేదాకా సగటు రోజు కూలిలో 90 శాతం నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది.

మెడికల్ సర్టిఫికెట్ ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచో, సనత్‌నగర్ ఆస్పత్రి నుంచో తీసుకోండి. ప్రైవేటు డాక్టరు కాగితం ఒక్కటే అయితే చిక్కులొస్తాయి. ప్రమాదం రిపోర్టు యాజమాన్యమే పంపాలి. పంపకపోతే మీరే రాతపూర్వకంగా కంపెనీకి ఇచ్చి, ఒక నకలు మీ ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రోజు షిఫ్టు రోస్టర్, పడిన చోటు ఫొటో, ఆస్పత్రి ఓపీ చీటీ మీద ఉన్న సమయం, ఈ మూడూ ఫోన్‌లో భద్రంగా పెట్టుకోండి. దారి, సమయం పొంతన తేలేది వీటితోనే.